సీ హాక్ ఫినిషింగ్ సెట్, విక్రాంత్ డెక్ బేస్ లోపాలపై ఫిర్యాదు

విశాఖపట్నం

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: 1/48 స్కేల్ భారత నౌకాదళ సీ హాక్ ఫినిషింగ్ సెట్, దానితో కలిపి అమ్మిన విక్రాంత్ డెక్ బేస్‌లో లోపాలు, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

నమస్కారం. భారత నౌకాదళం ఒకప్పుడు వాడిన సీ హాక్ యుద్ధ విమానానికి 48వ వంతు సైజులో మోడల్ చేస్తున్నాను. దానికోసం మీ వెబ్‌సైట్‌లో పైన చెప్పిన సెట్‌ను పూర్తి డబ్బు ముందుగానే చెల్లించి కొన్నాను. అందులో డెకాల్ షీటు (మోడల్ మీద తడిపి అంటించే గుర్తులు), మ్యాట్ క్లియర్ సీసా (మెరుపు తగ్గించే రంగులేని పూత), పాత విక్రాంత్ విమాన వాహక నౌక డెక్కు (పైతలం) నమూనాగా చేసిన బేసు, దానిమీద మూసే యాక్రిలిక్ కవరు ఉన్నాయి. విమానం కిట్ వేరే కంపెనీది. దానితో నాకు పేచీ ఏమీ లేదు. అతుకులు బాగా కుదిరాయి, ముక్కులో బరువు పెట్టడానికి చోటుంది, ప్రైమర్, రంగులు అన్నీ సవ్యంగా వచ్చాయి. అంతవరకూ సాఫీగా నడిచిన పని మీ సెట్ విప్పిన దగ్గర ఆగిపోయింది. మీ కస్టమర్ కేర్‌తో ఫోనులో, మెయిల్‌లో మాట్లాడాను. ప్రతిసారీ తప్పు నా చేతుల్లోనో, మా ఊరి గాలిలోనో ఉందన్నట్టే జవాబు వచ్చింది. అందుకే అన్నీ వివరంగా రాస్తున్నాను.

మొదట గుర్తుల సంగతి. మన సైనిక విమానాల మీద ఉండే మూడు రంగుల గుండ్రటి గుర్తులో బయట కాషాయం, మధ్యలో తెలుపు, నడిబొడ్డున ఆకుపచ్చ ఉంటాయి. మీ షీటులో రెక్కల గుర్తులు అలాగే ఉన్నాయి. విమానం ఒంటికి రెండు పక్కలా అంటించాల్సినవి మాత్రం తిరగబడ్డాయి. బయట ఆకుపచ్చ, లోపల కాషాయం. ప్రింటులో రంగు కాస్త అటూ ఇటూ అయిన తేడా కాదిది. బొమ్మ గీసిన ఫైలులోనే తప్పుంది. ఎందుకంటే నేను చెప్పాక మీరు 'సరిచేసి' పంపిన రెండో షీటులోనూ అదే తప్పు, అదే చోట ఉంది.

ఈ మోడల్‌ను నేను మా నాన్నగారి కోసం చేస్తున్నాను. ఆయన 1971లో విక్రాంత్ డెక్కు మీద పనిచేసిన నావికుడు. విమానాలను తోసుకెళ్లి నిలబెట్టడం, గొలుసులతో డెక్కుకి కట్టడం ఆయన పని. షీటు చేతిలోకి తీసుకుని కళ్లజోడు సర్దుకుని చూడగానే, "ఏంట్రా ఇది, ఆకుపచ్చ బయటికొచ్చింది?" అన్నారు. ఆ ఏడాది డిసెంబరు 4న కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీదికి సీ హాక్‌లు విక్రాంత్ నుంచే లేచాయి. ఆ విమానాల పక్కన పనిచేసిన మనిషికి ఈ తప్పు చూపించాల్సి రావడం నాకు చాలా బాధ కలిగించింది.

దీనికి మీ ప్రతినిధి ఇచ్చిన జవాబు, "అంత చిన్న సైజులో ఎవరికీ తెలియదు సర్" అని. తెలుస్తుందండీ. ఒకటిన్నర సెంటీమీటరు కూడా లేని గుర్తు కోసమే మేము ప్రత్యేకంగా డెకాల్ సెట్ కొంటాం. కిట్‌తో వచ్చిన గుర్తులతో సరిపెట్టుకునేవాళ్లయితే మీ దగ్గరికి రానే రారు. మా ఊళ్లో ఆర్కే బీచ్‌లో టీయూ-142 విమానం మ్యూజియంగా నిలబడి ఉంది. దాన్ని చూడటానికి వచ్చే స్కూలు పిల్లలు కూడా ఆ గుర్తును గుర్తుపడతారు. మీ ఆర్టిస్టుకు సీ హాకే కావాలనుకుంటే గోవాలో డబోలిం దగ్గర నౌకాదళ విమానాల మ్యూజియంలో అసలు విమానమే ఉంది. 1960లో బ్రిటన్‌లో మొదలైన, సీ హాక్‌లు నడిపిన 300 స్క్వాడ్రన్ (విమాన దళం), దాని తెల్లపులి చిహ్నం, విక్రాంత్ చరిత్ర, ఇవన్నీ మీ పేజీలో చక్కగా రాశారు. ఆ శ్రద్ధలో కొంత గుర్తుల రంగుల మీద కూడా పెట్టాల్సింది.

ఒంటి మీద గుర్తుల్ని నా దగ్గరున్న మరో భారతీయ విమానం షీటు నుంచి కత్తిరించి వాడాను. అంకెలు, NAVY అనే అక్షరాలు, తెల్లపులి మాత్రం మీ షీటువే వాడక తప్పలేదు. అక్కడ ఇంకో సమస్య. నీళ్లలో వేసిన కాసేపటికే అంకెలు పలచటి రేకులుగా విడిపోయాయి. ఇలాంటి అనుమానం ఉన్నప్పుడు షీటు మొత్తానికి ఒక పూత గ్లాస్ క్లియర్ (మెరిసే రంగులేని పూత) కొట్టి, ఆరాక కత్తిరిస్తే గుర్తులు నిలుస్తాయి. రెండో షీటుకు అలాగే చేసి పని గట్టెక్కించాను. కానీ కొత్తదని అమ్మిన షీటుకు కొన్నవాడు ఈ మరమ్మతు ఎందుకు చేసుకోవాలి? మీ సూచనల కాగితంలో దీని గురించి ఒక్క మాట కూడా లేదు.

ఇక అసలు నష్టం మ్యాట్ క్లియర్ వల్ల జరిగింది. డెకాల్స్ అంటించి, మెత్తబరిచే ద్రావణంతో ప్యానెల్ గీతల్లోకి (రేకుల అతుకుల గీతలు) కూర్చోబెట్టి, వాటిమీద గ్లాస్ పూత వేసి, గీతల్లో నలుపు వాష్ (బాగా పలచన చేసిన రంగు) నింపి తుడిచాను. అప్పటికి విమానం ఎంతో అందంగా ఉంది. సీ హాక్‌కు ఇంజన్ పొగ బయటికొచ్చే గొట్టాలు తోకలో ఉండవు, రెక్కల మొదళ్ల దగ్గర రెండు పక్కలా చీలి ఉంటాయి. ఆ చుట్టుపక్కల మసి మరకలు వేయడానికి చాలా ఓపిక పట్టింది. చివరి పని ఒక్కటే మిగిలింది. మెరుపు తగ్గించే మ్యాట్ పూత. మీ సీసాలోది కొట్టాను. ఆరేసరికి పైభాగపు ముదురు బూడిద రంగంతా విభూతి రాసినట్టు తెల్లబడింది. ప్యానెల్ గీతల్లో తెల్లటి పొడి పేరుకుపోయింది. కాక్‌పిట్ వెనకాల, రెక్కల మొదళ్ల దగ్గర మరీ ఎక్కువ.

మీ వాళ్లు వెంటనే అన్నది, "వైజాగ్‌లో తేమ ఎక్కువ కదా సర్, అందుకే" అని. తేమ వల్ల పూత తెల్లబడటం నాకు తెలియని విషయం కాదు. సముద్రం పక్కన ఉండి ఎయిర్‌బ్రష్ పట్టేవాళ్లం అందరం దాన్ని ఎరుగుదుం. థిన్నర్ కలిపిన లాకర్ రకం వార్నిష్ పూతల్లో ద్రావకం గబగబా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దానిమీద పడుతుంది, పూత పాలిపోతుంది. కానీ మీ సీసా మీద ఉన్నది నీళ్లతో కలిపే యాక్రిలిక్ అని. దానికి ఈ కారణం అతకదు. పైగా నేను ఏసీ గదిలో, తేమ కొలిచే మీటరు పక్కన పెట్టుకుని పనిచేశాను.

ఇంకా అనుమానం ఉండకూడదని ప్లాస్టిక్ చెంచాల మీద పరీక్ష చేశాను. ఒకే ప్రైమర్, ఒకే బూడిద రంగు, ఒకే గ్లాస్ పూత వేసిన చెంచాలవి. అదే గదిలో, అదే ఎయిర్‌బ్రష్‌తో, అదే ఒత్తిడిలో ఒకదానికి మీ మ్యాట్, ఇంకోదానికి వేరే కంపెనీ మ్యాట్ కొట్టాను. వేరే కంపెనీది చదునుగా, శుభ్రంగా వచ్చింది. మీది తెల్లబడింది. సీసా ఎంత గిలకొట్టినా అడుగున గట్టి ముద్ద కరగలేదు. మెరుపు తగ్గించడానికి కలిపే పొడి గడ్డకట్టి ఉండాలి. ఎప్పుడు తయారైందో చూద్దామంటే సీసా మీద తయారీ తేదీ లేదు, బ్యాచ్ నంబరు లేదు. చెంచాల ఫొటోలు, సీసా అడుగు ఫొటో జతచేశాను. మీ దగ్గర మిగిలిన సీసాలు తీసి ఇదే పరీక్ష చేసి చూడమని అడుగుతున్నాను.

ఇప్పుడు బేసు. 'విక్రాంత్ ఫ్లైట్ డెక్' అని పేరు పెట్టి అమ్మిన ఈ బేసు మీద మీరు చెక్క పలకలు చెక్కారు. విక్రాంత్ డెక్కు ఉక్కుది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికా, జపాన్ వాహక నౌకల డెక్కుల మీద చెక్క పలకలు ఉండేవి. మీరు వేరే నౌక కోసం చేసిన అచ్చును తీసుకుని, దానిమీద విక్రాంత్ పేరు అంటించారని నా నమ్మకం. విక్రాంత్‌ను బ్రిటన్ నౌకాదళం కోసం హెర్క్యులిస్ పేరుతో మొదలుపెట్టారు. యుద్ధం అయిపోయాక పని ఆగిపోయింది. 1957లో భారత్ దాన్ని కొన్నది. పక్కకు కోణంగా తిప్పిన డెక్కు, ఆవిరి కాటాపుల్ట్‌తో (విమానాన్ని వేగంగా ముందుకు విసిరే యంత్రం) బెల్‌ఫాస్ట్‌లో పూర్తిచేసి 1961లో మనకు అప్పగించారు. ఆ కాటాపుల్ట్ ఉండబట్టే సీ హాక్‌లు దానిమీద నుంచి ఎగరగలిగాయి. మీ బేసు మీద కాటాపుల్ట్ గాడి ఉంది. అది కూడా పలకల మధ్యలోంచి పోతోంది. నాన్నగారు పలకల మీద వేలితో రాసి చూసి, "మా డెక్కు మీద ఇనుము, దానిమీద గరుకు రంగు. పడితే మోకాలి చర్మం లేచిపోయేది. ఈ చెక్కలెక్కడివి?" అని అడిగారు.

కొలత సంగతి ఇంకా స్పష్టం. మీ పేజీలో '30 x 30 సెంటీమీటర్లు, 1/48 సీ హాక్ రెక్కలు చాచి సరిపోతుంది' అని ఉంది. ఆ పేజీ నకలు నా దగ్గర ఉంది. అసలు విమానం రెక్కల నిడివి 11.89 మీటర్లు, అంటే 1/48లో దాదాపు 24.8 సెంటీమీటర్లు. పొడవు 25 సెంటీమీటర్లు దాటుతుంది. 30 సెంటీమీటర్ల చోటులో ఇది హాయిగా పడుతుంది. కానీ మీరు చెప్పిన 30 చుట్టూ ఉన్న చెక్క అంచుతో కలిపి కొలిచినది. కవరు లోపలి కొలత 24 మాత్రమే. కవరు మూయాలంటే రెక్క కొసలు, ముక్కో తోకో కూడా తెగ్గొట్టాలి.

ఏటవాలుగా, మూల నుంచి మూలకు పెట్టుకోమని మీ ప్రతినిధి సలహా ఇచ్చారు. కవరైతే పడుతుంది. కానీ విమానం కాటాపుల్ట్ గాడికి అడ్డంగా నిలబడుతుంది. ఎగరడానికి సిద్ధమైన విమానం ముక్కు గాడి వెంట తిన్నగా ఉండాలి. గాడి చెక్కింది మీరే, విమానం ఎక్కడ నిలబడాలో గీత గీసింది మీరే. రెక్కలు మడిచి పెట్టుకోండి అన్నది రెండో సలహా. రెక్కలు మడిచిన విమానాన్ని కాటాపుల్ట్ మీద ఎవరూ నిలబెట్టరు. బేసు చేసేవాళ్లకు ఇది తెలిసి ఉండాలి.

మోడల్ చేసేవాళ్లకు బేసు అలంకారం కాదు. విమానం ఎక్కడ, ఏ క్షణంలో ఉందో చెప్పేది బేసే. నేనే చేసుకుంటే ఒక చెక్క మీద సన్నటి వాటర్ పేపర్ అంటించి, ముదురు బూడిద రంగు కొట్టి, గొలుసులు కట్టే గుంటలకు చిన్న రింగులు దించేవాణ్ని. గరుకు డెక్కు అచ్చంగా వచ్చేది. అంత పని తగ్గుతుందని, అచ్చంగా విక్రాంత్ డెక్కే వస్తుందని మీ మాట నమ్మి డబ్బు కట్టాను.

నాకు కావలసింది చెబుతున్నాను. సెట్ ధర, రవాణా ఖర్చు పూర్తిగా వెనక్కి ఇవ్వాలి. షీట్లు, సీసా, బేసు, కవరు మీ ఖర్చుతో తీసుకెళ్లండి. పాడైన పూత తీసి విమానానికి మళ్లీ రంగు వేయడానికి కావలసిన రంగులు, క్లియర్ సీసాల ఖర్చు కూడా మీరే భరించాలి. దానికి బిల్లులు పంపుతాను. వేరే సెట్ పంపుతామంటే, గుర్తులు సరిచేసిన షీటు ఫొటో, కవరు లోపలి కొలత ముందు పంపండి. చూశాకే ఒప్పుకుంటాను. వీటితో పాటు మీ పేజీలో కవరు లోపలి కొలత రాయండి, డెక్కు వివరణ సరిచేయండి, ఈ సెట్ ఇప్పటికే కొన్నవాళ్లకు గుర్తుల తప్పు గురించి మీరే కబురు చేయండి. నాలాగే ఇంకెవరో తిరగబడ్డ గుర్తు అంటించి అద్దాల పెట్టెలో పెట్టి ఉండవచ్చు. ఈ చివరి కోరిక నాకు డబ్బు కంటే ముఖ్యం.

చట్టం కూడా ఇదే చెబుతోంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద వచ్చిన 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, వస్తువులో లోపం ఉన్నా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా వెనక్కి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఆ గడువులో పరిష్కారం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. అంతదాకా రానివ్వకుండా మీరే సరిచేస్తారని ఆశిస్తున్నాను.

బిల్లు, మీ పేజీ నకలు, మీ ప్రతినిధి మెయిళ్లు, రెండు షీట్ల ఫొటోలు, చెంచాల పరీక్ష ఫొటోలు, స్కేలు పెట్టి తీసిన కవరు లోపలి కొలత ఫొటో ఈ లేఖకు జతచేశాను. బేసు, సీసా వాడినవి వాడినట్టే భద్రంగా ఉంచాను. మీ మనిషిని ఎప్పుడు పంపుతారో ఒక రోజు ముందు చెబితే ఇంట్లో ఉంటాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు