కూరడం కాదు, మలచడం

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో, చనిపోయిన పక్షుల చర్మాలతోనూ ఎండుకొమ్మలతోనూ శిల్పాలు చేసే కళాకారుల గురించి వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అయితే అందులో, చనిపోయిన జంతువును బతికున్నట్టు నిలబెట్టే టాక్సిడెర్మీని రెండుచోట్ల ‘గడ్డి కూరడం’ అని రాశారు. గుంటూరులో ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం బోధించినవాడిగా ఆ మాట దగ్గరే నా అభ్యంతరం. గ్రీకు మూలాన్ని బట్టి ఆ పదానికి చర్మాన్ని అమర్చడం అని అర్థం. దేనిమీద అమర్చాలన్నదే అసలు పని, ఆ పని శిల్పిది.

అమెరికాకు చెందిన కార్ల్ ఏక్లీ (1864–1926) స్వయంగా కంచు విగ్రహాలు పోసిన శిల్పి. ఆయన జంతువు కండరాలను ముందు బంకమట్టితో మలచి, దానికి అచ్చు తీసి, ఆ అచ్చులో కాగితపు గుజ్జుతో తేలికైన బొమ్మను తయారుచేసి, దానిమీద చర్మాన్ని తొడిగేవాడు. అమరావతి ఫలకంమీద మదించిన నలగిరి ఏనుగును, అదే ఏనుగు బుద్ధుని ముందు మోకరిల్లడాన్ని చెక్కిన శిల్పికి తోలు కింద ఏం కదులుతుందో ఎంత తెలిసి ఉండాలో, ఏక్లీకీ అంతే తెలిసి ఉండాలి.

అలాగని గడ్డి కూరడాన్ని నేను తక్కువ చేయను. నా చిన్నతనంలో తెనాలి దగ్గర మా ఊళ్లో పాలిచ్చే గేదెకు దూడ చనిపోతే, దాని తోలు ఒలిపించి, ఉప్పు రాసి ఆరబెట్టి, లోపల వరిగడ్డి కూరి కుట్టించి, పాలు పితికే వేళకు గేదె ముందు పెట్టేవారు. మా నాయనమ్మ దాని వీపుమీద గుప్పెడు తవుడు చల్లేది. కాళ్లు వంకర, కళ్లు లేవు, చూడబోతే దూడా కాదు, దిండూ కాదు. అయినా గేదె తవుడుతోపాటు ఆ తోలునూ నాకుతూ చేపేది. దానికి వాసన చాలు. (ఇప్పుడు చాలాచోట్ల ఆ శ్రమ లేదు, ఇంజెక్షను పొడుస్తున్నారు.)

మనిషికి మాత్రం రూపం కావాలి. చనిపోయిన యజమాని కోసం టోక్యోలోని షిబుయా స్టేషన్ దగ్గర ఏళ్ల తరబడి ఎదురుచూసిన హచికో అనే కుక్కకు, అది బతికుండగానే 1934లో కంచు విగ్రహం పెట్టారు. మరుసటి ఏడు అది చనిపోయాక దాని చర్మాన్ని అమర్చి అక్కడి జాతీయ విజ్ఞాన మ్యూజియంలో ఉంచారు. యుద్ధకాలంలో కంచును కరిగించేశారు. ఇప్పుడున్న విగ్రహం మొదటి శిల్పి కుమారుడు 1948లో చేసింది. గట్టిదనుకున్న కంచు పోయి, తోలు నిలిచింది.

ఇక మన సంగతి. నేను పనిచేసిన కళాశాలలో ఇలా చర్మంతో చేసిన ఒక గూడబాతు (పెలికాన్) నమూనా ఉండేది. పోయిన వేసవిలో విభాగాన్ని కొత్త భవనంలోకి మార్చినప్పుడు దాన్ని తక్కిన నమూనాలతోపాటు మెట్లకింద పడేశారు. చూడబోతే పొట్ట దగ్గర కుట్లు విడిపోయి, తీగకు చుట్టిన పీచు బయటికి వచ్చింది. ఒక గాజుకన్ను లేదు. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో బతికున్నవి గూళ్లు కడుతుండగా ఈ పాతదెందుకని ఒక యువ అధ్యాపకుడు అడిగాడు. చెట్టుమీద పక్షిని దూరం నుంచి చూస్తాం, ముక్కుమీది చుక్కలను బల్లమీద జానెడు దూరంలో లెక్కపెట్టవచ్చు. పైగా ప్రాణం పోయాక ముక్కు, కాళ్లు, కంటిచుట్టూ ఉన్న చర్మం రంగు మారిపోతాయి గనుక, మనం చూసే రంగులు పక్షివి కావు. పక్షిని చూసి గుర్తుపెట్టుకున్నవాడెవడో కుంచెతో వేసినవి. ఆ గుర్తు మెట్లకింద దుమ్ము కొట్టుకుపోతోంది.

ఈ మాటలు చదివి ఎవరూ కొంగల వెంట పడకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, ఆ చట్టం కాపాడే అడవి జంతువు చచ్చి దొరికినా అది ప్రభుత్వ ఆస్తే; అనుమతి లేకుండా ఇంటికి తెచ్చుకోవడం నేరం. ముంబయిలోని సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానంలో 2009 నుంచి టాక్సిడెర్మీకి ప్రత్యేక కేంద్రం ఉంది.

మన దగ్గర కొత్తవి చేయించడం కంటే ముందు ఉన్నవి దక్కించుకోవాలి. గుంటూరు, విజయవాడ కళాశాలలు తమ పాత నమూనాల జాబితా రాసి అటవీ శాఖ సలహా అడగాలి. పూర్వం పురుగు పట్టకుండా తోలు లోపల ఆర్సెనిక్ పూసేవారు కాబట్టి వాటిని వట్టి చేతులతో తాకడం, చీపురుతో దులపడం వెంటనే మానాలి. నమూనాలను నిలబెట్టే పీటలు, కొమ్మలు విరిగితే కొత్తవి చేయించడానికి దూరం వెళ్లనక్కర్లేదు. తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో ముక్కలను అతికే కొండపల్లి పనివారు విజయవాడ పక్కనే ఉన్నారు.

గూడబాతు కాలికి కట్టిన చీటీ ఊడి నేలమీద కనిపిస్తే తీసి దాచాను. సిరా వెలిసినా పట్టిన ఊరు, తేదీ చదవవచ్చు. కళాశాలవారు పక్షిని బాగుచేయిస్తామంటే తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు