ఆ బీరువాలో మా పుస్తకాలు ఏవి? గ్రంథాలయ అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

విజయనగరం జిల్లాలోని ఒక చిన్న ఊరి పాఠకురాలిని. రెండు అర్జీలు ఇచ్చాను, జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

మా గ్రంథాలయంలో 'మహిళలు' అని రాసిన బీరువాలో వంటలు, ముగ్గులు, వ్రతకథలు ఉన్నాయి. వాటి మీద నాకు కోపం లేదు, వంటల పుస్తకాలు నేనూ తీసుకెళ్తాను. కానీ అక్కడ అవి తప్ప ఇంకేమీ లేవు; ఆడా మగా సమానమని చెప్పే పుస్తకం ఒక్కటీ లేదు.

మొన్న ఇంటర్ చదివే మా పక్కింటి పిల్ల రామాయణంలోని ఆడవాళ్ళు తమ దారి తాము వెతుక్కునే కథలతో ఓల్గా రాసిన 'విముక్త' అడిగింది. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకమది. "కాంపిటీషన్ బుక్స్ చదువుకోమ్మా" అన్నారట గ్రంథాలయంలో. ఆ పిల్ల మళ్ళీ అటు వెళ్ళలేదు. పెళ్ళా, చదువా అని ఇంట్లో రోజూ టెన్షన్ పడుతున్న పిల్లకు ఆ కథలు అవసరం కాదంటారా?

'కన్యాశుల్కం' 1892లో మొదట ప్రదర్శించింది విజయనగరంలోనే. ఆ జిల్లాలో ఈ పుస్తకాల కోసం అర్జీలు పెట్టుకోవలసి రావడం నాకు సిగ్గుగా ఉంది.

ఈసారి కొనుగోళ్ళలోనే ఇలాంటి పుస్తకాలతో ఒక బీరువా నింపండి. చిన్నపిల్లలకు, చెట్టెక్కే ఆడపిల్లలూ అంట్లు తోమే నాన్నలూ ఉన్న బొమ్మల కథలు. హైస్కూలు వాళ్ళకు బెంగాలీ రచయిత్రి రొకేయా 1905లో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' తెలుగులో; మగవాళ్ళు ఇంటిపట్టున ఉండే ఆ దేశం చూసి పిల్లలు పడీపడీ నవ్వుతారు. పెద్దలకు అబ్బూరి ఛాయాదేవి 'తన మార్గం'. మా అమ్మ వయసు వాళ్ళ కోసం పెద్ద అక్షరాల ప్రతులు దొరికితే తెప్పించండి.

మా ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్నూ కడుతున్నాం. నెలలోగా రాతపూర్వకంగా జవాబు ఇప్పించగలరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు