ఆ చవక ఎస్ఎస్‌డీలు ఇక మా షాపులో ఉండవు

సంక్రాంతికి షాపు మూడు రోజులు మూసినప్పుడు స్టాకు లెక్క చూసుకున్నాను. కౌంటర్ కింద అట్టపెట్టెలో పేరూ ఊరూ లేని 256 జీబీ ఎస్ఎస్‌డీలు, అంటే ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ బదులు వేసే చిప్పుల డ్రైవులు, పద్నాలుగు మిగిలి ఉన్నాయి. వాటిని ఇక అమ్మను. డీలర్ వెనక్కి తీసుకోనన్నాడు. పోతే పోనీ. మా దగ్గర ఇంతకుముందు అవి వేయించుకున్నవాళ్లకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ మార్పించుకుందామని కొత్తగా వచ్చేవాళ్లకూ కొన్ని చెప్పాలి. కౌంటర్ దగ్గర రద్దీలో ఇవన్నీ చెప్పడం కుదరదు, అందుకే రాస్తున్నాను.

ముందు నా తప్పు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా షాపుకు వచ్చేది ఎక్కువగా కోచింగ్ పిల్లలు, చిన్న వ్యాపారాల అకౌంటెంట్లు, టీచర్లు. "అన్నా, సిస్టమ్ ఆన్ కావడానికే పది నిమిషాలు పడుతోంది, తక్కువలో ఏదైనా చెయ్యి" అంటారు. తక్కువలో అయ్యేది ఆ లోకల్ ఎస్ఎస్‌డీయే. వేసిన రోజు పరుగులు పెడుతుంది. కస్టమర్ ఖుష్, నేనూ ఖుష్. ఇంకో మాట కూడా దాచను. కంపెనీ ఎస్ఎస్‌డీ మీద నాకు మిగిలే దానికంటే దీని మీద మిగిలేదే ఎక్కువ.

కిందటి నవంబరు 18న, బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ కొట్టుకు లెక్కలు రాసే ఆయన ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చారు. ముందురోజు రాత్రి మామూలుగానే షట్‌డౌన్ చేశారట. పొద్దున ఆన్ చేస్తే నల్ల తెర మీద బూట్ డివైస్ లేదని ఒక్క లైను. ఎనిమిది నెలల కిందట నేనే వేసిన ఎస్ఎస్‌డీ అది. తీసి వేరే సిస్టమ్‌కు పెట్టాం, యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి చూశాం. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లో, దాని పేరు కూడా కనబడలేదు. 20వ తేదీకి జీఎస్టీఆర్-3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్ను వేయాలి. పెన్‌డ్రైవ్‌లో టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) బ్యాకప్ ఉంది గానీ అది దసరా నాటిది. ఆయనా, వాళ్ల తమ్ముడూ రెండు రాత్రులు కూర్చుని బిల్లుల కట్టలు విప్పి, ఆరు వారాల ఎంట్రీలు మళ్లీ కొట్టారు. నన్ను ఒక్క మాట అనలేదు. "చవకలో కావాలన్నది నేనే కదన్నా" అన్నారు, అంతే. ఆయన చవకలో అడిగిన మాట నిజమే. ఆ చవక ఎక్కడినుంచి వస్తోందో చెప్పాల్సింది నేను. చెప్పలేదు.

ఆ రోజు రాత్రి దాన్ని విప్పాను. ఎస్ఎస్‌డీలో ముఖ్యమైనవి రెండే: డేటా నిలిచే ఫ్లాష్ చిప్పులు, వాటిని నడిపించే కంట్రోలర్. ఇందులో చిప్పు మీద అచ్చును గీకేశారు. అది ఎవరు చేసిందో, కొత్తదో, ఇంకో దాంట్లోంచి ఊడదీసిందో తెలుసుకునే దారి లేదు. అదే స్టిక్కరున్న ఇంకొకటి విప్పితే లోపల వేరే కంట్రోలర్. డబ్బా మీద మాత్రం రెండింటికీ ఒకే పేరు. 3 ఏళ్ల వారంటీ అని రాసి ఉంటుంది, ఆ వారంటీ ఇచ్చేది ఎవరంటే చిరునామా ఉండదు.

పాత హార్డ్ డిస్క్ పోయేముందు చాలాసార్లు చెప్పి పోతుంది. టిక్కు టిక్కుమంటుంది, ఫైళ్లు తెరవడానికి మొరాయిస్తుంది, ఎర్రర్లు ఇస్తుంది. కంట్రోలర్ పాడైన ఎస్ఎస్‌డీ అలా కాదు. రాత్రి ఉంటుంది, పొద్దునకు ఉండదు.

గత రెండేళ్లలో మా దగ్గర లోకల్ ఎస్ఎస్‌డీ వేయించుకున్నవాళ్లు ఒకసారి షాపుకు రండి. చెక్ చేసినందుకు డబ్బు తీసుకోను. మార్చుకుంటానంటే మీరు అప్పుడు కట్టింది తీసేసి, మిగతా తేడా ఇవ్వండి, కంపెనీది వేస్తాను. డేటా ఎక్కించినందుకు వేరే చార్జీ లేదు. బిల్లు పోయినా పర్వాలేదు, ఎవరికి ఏది వేశామో మా నోటుబుక్కులో ఉంది. రాలేనివాళ్లు ఈరోజే ముఖ్యమైన ఫైళ్లు ఇంకోచోట కాపీ చేసి పెట్టుకోండి.

ఇక కొత్తగా మార్పించుకునేవాళ్ల సంగతి.

"హార్డ్ డిస్క్ పోయింది, మళ్లీ 1 టీబీ హార్డ్ డిస్కే వేయండి" అని ఇప్పటికీ అడుగుతారు. విండోస్ నడిచే డ్రైవుగా హార్డ్ డిస్క్ వేయడం మేం మానేశాం. ల్యాప్‌టాప్ డిస్కు నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 90. కావాల్సిన ముక్క సూది కిందకు వచ్చేదాకా ప్రతిసారీ ఆగాల్సిందే. ఒక పెద్ద సినిమా ఫైలు వరుసగా చదవడానికి ఇబ్బంది లేదు. విండోస్ మొదలయ్యేటప్పుడు వేల చిన్న ఫైళ్లు నలుమూలల నుంచీ ఏరుకోవాలి, అక్కడే దాని ప్రాణం పోతుంది. పైగా ఇప్పుడు వచ్చే పల్చటి 1 టీబీ ల్యాప్‌టాప్ డిస్కుల్లో చాలావరకు డేటా ట్రాకులు పెంకుటింటి పైకప్పులా ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కి ఉంటాయి. తక్కువ చోటులో ఎక్కువ పట్టించడానికి చేసిన ఏర్పాటది. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీదికి ఎక్కినవన్నీ కదపాలి కదా, ఇక్కడా అంతే. రాసేకొద్దీ నత్తనడక.

ల్యాప్‌టాప్‌కు కలిసే పద్ధతిని బట్టి ఎస్ఎస్‌డీలు రెండు రకాలు. పాత పద్ధతి సాటా, ఆ ఎస్ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దాకా ఇస్తుంది. ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకంలో మూడో తరానివే 3500 ఎంబీ దాకా వెళ్తాయి. ఈ అంకెలు చూసి చాలామంది "పెద్దదే వేయండి" అంటారు. హార్డ్ డిస్క్ నుంచి సాటా ఎస్ఎస్‌డీకి మారితే కనబడే తేడా భూమికీ ఆకాశానికీ ఉన్నంత. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారితే వర్డ్, టాలీ, బ్రౌజర్ వాడేవాళ్లకు పెద్దగా తెలియదు. వీడియో ఎడిటింగ్ చేసే పెళ్లి ఫొటోగ్రాఫర్లకు తెలుస్తుంది. అయినా ఇందులో మనం ఎంచుకునేది తక్కువ. ల్యాప్‌టాప్‌లో ఏ స్లాటు ఉంటే అదే.

ఇక్కడే చాలామంది దెబ్బ తింటున్నారు. మొన్న ఒక ఇంజనీరింగ్ అమ్మాయి ఆన్‌లైన్ సేల్‌లో ఎన్‌వీఎంఈ కొనుక్కుని వచ్చింది. మంచి కంపెనీది, మంచి రేటుకే కొంది. వాళ్ల ల్యాప్‌టాప్‌లో ఎం.2 స్లాటు, అంటే సన్నటి పట్టీలాంటి డ్రైవు దూరే గాడి, ఉంది, డ్రైవు చక్కగా కూర్చుంది, స్క్రూ కూడా పడింది. కానీ డిటెక్ట్ కాదు. ఆ మోడల్లో ఆ స్లాటు సాటా ఎం.2కే పనిచేస్తుంది. తాళంచెవి దూరినంత మాత్రాన తాళం రాదు కదా. "అంకుల్, యూట్యూబ్‌లో పట్టింది కదా" అంటుంది. ఆ వీడియోలో ఉన్నది అదే సిరీస్‌లో వేరే మోడల్. పొడవు కూడా చూసుకోవాలి. ఎక్కువగా వాడేది 2280, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. కొన్ని పల్చటి ల్యాప్‌టాప్‌లలో 2242 గానీ 2230 గానీ తప్ప పట్టదు. పాత రకం రెండున్నర అంగుళాల డ్రైవుకైతే మందం చూడాలి. 7 మిల్లీమీటర్లది 9.5 గూట్లో చిన్న ప్లాస్టిక్ ఫ్రేము పెడితే సరిపోతుంది. 9.5ది 7 గూట్లోకి వెళ్లదు. ఎస్ఎస్‌డీలు దాదాపు అన్నీ 7వే కాబట్టి ఈ తలనొప్పి ఇప్పుడు తక్కువ.

కొనేముందు ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కరు మీదున్న పూర్తి మోడల్ నంబరు ఫొటో తీసి పంపండి. మా దగ్గరే కొనాలని లేదు. ఏది పడుతుందో చెప్పడానికి డబ్బు తీసుకోను.

కొన్నింటికి అసలు మార్చడమే ఉండదు. 64 జీబీ ఈఎంఎంసీ (చిన్న స్టోరేజీ చిప్పు) ఉన్న చవక ల్యాప్‌టాప్‌లలో స్టోరేజీ బోర్డుకే అతికించి ఉంటుంది. ఈమధ్య వచ్చే మ్యాక్‌బుక్‌లలోనూ అంతే. అలాంటివి తెచ్చి "ఎలాగోలా చేయండి" అనకండి. ఎలాగోలా చేసే పని కాదది.

సైజు విషయంలో నా అభిప్రాయం 512 జీబీ. 256లో విండోస్, దాని అప్‌డేట్లు, నాలుగు సాఫ్ట్‌వేర్లు, ఫోన్ ఫొటోలు పడ్డాక మిగిలేది కొంచెమే, నిండుగా ఉన్న ఎస్ఎస్‌డీ నెమ్మదిస్తుంది కూడా. 512 వేస్తే విండోస్‌లో 476 అనే చూపిస్తుంది, 1 టీబీ వేస్తే 931. వారానికి ఒకరైనా దీని మీద నాతో గొడవ పడతారు. మేం మధ్యలో ఏం కొట్టేయలేదు సార్. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది. గొడవ పడాల్సింది ఆన్‌లైన్‌లో వెయ్యి, పదిహేను వందలకు 16 టీబీ అని అమ్మేవాళ్లతో. అలాంటిదొకటి మా దగ్గర విప్పితే లోపల చిన్న మెమరీ కార్డు గమ్‌తో అతికించి ఉంది. సైజు 16 టీబీ అని చూపిస్తుంది, కాపీ కూడా అవుతుంది. తర్వాత తెరిస్తే ఫైళ్లు ఉండవు.

పాత ల్యాప్‌టాప్‌ల గురించి మనసులో మాట ఒకటి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలి, ఇంటెల్ ప్రాసెసర్లలో అయితే దాదాపుగా 8వ తరం నుంచే ఒప్పుకుంటుంది. మీది 4వ తరమో 5వ తరమో అయి, బ్యాటరీ కూడా పోయి, హింజ్ కూడా ఊడి ఉంటే దానికి 1 టీబీ ఎస్ఎస్‌డీ వేయించడం దండగ. పిల్లల క్లాసులకే అయితే చిన్న ఎస్ఎస్‌డీ వేసి, విండోస్ బదులు లినక్స్ ఎక్కించి ఇస్తాను. ఇలా చెబితే మా షాపులో పనిచేసే పిల్లగాడు నన్ను గుర్రుగా చూస్తాడు, వచ్చిన బేరం పంపించేస్తున్నానని.

రేట్ల గురించి చెప్పాలి, తిడతారని తెలిసినా. "నాలుగు నెలల కింద మా ఫ్రెండ్‌కి ఇంతకే వేశావు కదన్నా" అని రోజూ వింటున్నాను. నిజమే, వేశాను. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు విపరీతంగా పోతుండటంతో 2025 చివర నుంచి ర్యామ్, ఎస్ఎస్‌డీ రేట్లు ఎగబాకాయి. నేను ఎక్కువగా సిఫారసు చేసే క్రూషియల్ బ్రాండును ఆపేస్తున్నామని దాన్ని తయారుచేసే మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబరులో ప్రకటించింది. అమ్మినవాటికి వారంటీ కొనసాగుతుందని కూడా చెప్పింది, కాబట్టి మా దగ్గర అవి తీసుకున్నవాళ్లు టెన్షన్ పడకండి. మైక్రాన్‌కు మన హైదరాబాద్‌లోనే పెద్ద సెంటర్ ఉంది, అయినా సరుకు కోసం నేను ఎంజీబీఎస్‌లో మెట్రో మారి పరేడ్ గ్రౌండ్స్‌లో దిగి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్ మెట్లెక్కాల్సిందే. అక్కడ పొద్దున చెప్పిన రేటు సాయంత్రానికి ఉండటం లేదు. 2011లో థాయ్‌లాండ్ వరదల్లో ఫ్యాక్టరీలు మునిగినప్పుడు హార్డ్ డిస్కులకు ఇలాగే అయింది. అప్పుడు నేను ఇంకొకరి షాపులో పనికుండేవాణ్ని, రేటు చెప్పి తిట్లు తినడం అప్పుడే అలవాటైంది. ఇకనుంచి మేం చెప్పిన రేటు ఆ ఒక్క రోజుకే. బిల్లు మీద మోడల్, సీరియల్ నంబరు రెండూ రాసిస్తాం, ఇంటికెళ్లి కంపెనీ సైట్‌లో వారంటీ సరిచూసుకోండి.

డేటా సంగతి ఇకపై ముందే అడుగుతాం, విప్పకముందే. "ఏం లేదులే అన్నా, ఫార్మాట్ కొట్టెయ్" అనేసి, మర్నాడు పాప మొదటి పుట్టినరోజు ఫొటోల కోసం వచ్చినవాళ్లున్నారు. హార్డ్ డిస్క్‌లో అయితే కొంత తిరిగి తీయగలం. ఎస్ఎస్‌డీలో చెరిపిన ఫైళ్ల చోటును డ్రైవు తనంతట తానే ఖాళీ చేసేస్తుంది, సాధారణంగా వెనక్కి రావు. పాత డిస్కు బాగుంటే విండోస్‌తో సహా ఉన్నదున్నట్టు కొత్తదానికి కాపీ (క్లోన్) చేస్తాం. టిక్కు టిక్కుమంటుంటే మాత్రం ఇంట్లోనే ఆపేసి తీసుకురండి. మళ్లీ మళ్లీ ఆన్ చేసిన కొద్దీ లోపల పళ్లెం గీసుకుపోతుంది. అలాంటిదాంట్లోంచి డేటా తీయడం మా వల్ల కాదు, శుభ్రమైన గదిలో విప్పే రికవరీవాళ్లకు పంపాలి. ఇంతకుముందు అలా పంపినందుకు నాకు కమీషన్ వచ్చేది. ఇప్పుడు నంబరు ఇస్తాను, మీరే మాట్లాడుకోండి.

పాత డిస్కు మీకే తిరిగి ఇస్తాం, అడగకపోయినా. ఆరోగ్యంగా ఉంటే ఒక యూఎస్‌బీ కేసింగ్ కొనుక్కుని బ్యాకప్‌కు వాడుకోండి. బీరువాలో ఏళ్ల తరబడి పెట్టడానికైతే ఎస్ఎస్‌డీ కంటే అదే నయం. కరెంటు తగలకుండా చాలాకాలం ఉన్న ఎస్ఎస్‌డీలో డేటా నిలుస్తుందన్న నమ్మకం లేదు.

విండోస్ 11 ల్యాప్‌టాప్ తెచ్చేవాళ్లు వచ్చేముందు మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి బిట్‌లాకర్ కీ, అంటే డ్రైవుకు విండోస్ వేసిన తాళం తెరిచే కోడ్, 48 అంకెలు ఉంటుంది, రాసుకుని రండి. అది లేక కౌంటర్ దగ్గర పాస్‌వర్డు గుర్తుతెచ్చుకుంటూ గంటసేపు నిలబడినవాళ్లను చూశాను. చార్జర్ కూడా తీసుకురండి. ఆదివారం మధ్యాహ్నం రెండింటిదాకే ఉంటాం.