అంబాసిడర్‌కి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ అడుగుతున్న వాళ్ళందరికీ

నమస్కారం అండి. ఎండలు మొదలైన దగ్గర్నుంచి ఆటోనగర్‌లో మన షెడ్డుకి ఒకటే ఫోన్లు, పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటుని కలిపి తెంపే చిన్న స్విచ్) పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టేయండి, ఏ కిట్ మంచిది, ఎంతవుద్ది అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఇక్కడే రాస్తున్నా, కొంచెం పొడుగైనా చదవండి.

ముందు మైలేజ్ సంగతి. కిట్ పెడితే లీటరుకి ఇంత పెరుగుద్ది, పికప్ అదిరిపోద్ది అని ఎవరు చెప్పినా నమ్మకండి. పాయింట్ల గ్యాప్, టైమింగ్ (స్పార్క్ పడే సమయం) కరెక్ట్‌గా ఉన్న 1489 సీసీ ఇంజన్‌కి కిట్ పెట్టినా నడిపే మనిషికి పెద్ద తేడా తెలీదు. తేడా అంతా ఆ సెట్టింగ్ ఎన్నాళ్ళు నిలబడుద్ది అన్న దాంట్లోనే. పాయింట్లకుండే హీల్ అనే చిన్న ముక్క తిరిగే క్యామ్ మీద రాసుకుని అరుగుద్ది, అరిగే కొద్దీ గ్యాప్ తగ్గుద్ది, గ్యాప్ తగ్గితే టైమింగ్ వెనక్కి పోద్ది, బండి బరువుగా లాగుద్ది, ఇదంతా నెమ్మదిగా జరుగుద్ది కాబట్టి రోజూ నడిపే ఓనరుకి అసలు తెలీనే తెలీదు. నాలుగు సిలిండర్ల ఇంజన్ 3000 ఆర్పీఎంలో ఉంటే ఆ పాయింట్లు సెకనుకి 100 సార్లు తెరుచుకోవాలి మరి. కిట్‌లో షాఫ్ట్ మీద మాగ్నెట్ రింగు, పక్కన సెన్సరు, రాసుకునేది ఏదీ లేదు. అందుకే నాకు కిట్ అంటే ఇష్టం.

కానీ డిస్ట్రిబ్యూటర్ (పాయింట్లు లోపల ఉండి, ఒక్కో ప్లగ్‌కి స్పార్క్ పంచేది) చూడకుండా ఇకనుంచి ఎవరికీ కిట్ ఇవ్వం. క్యాప్ తీసి, రోటర్ లాగి, షాఫ్ట్ పట్టుకుని పక్కలకి ఊపితే ప్లే చేతికే తెలిసిపోద్ది. ఆ తర్వాత డ్వెల్ మీటర్ (షాఫ్ట్ ఎన్ని డిగ్రీలు తిరిగేదాకా పాయింట్లు మూసుకుని ఉంటాయో చూపించేది) పెడతాం, లూకాస్ 25డీ రకం డిస్ట్రిబ్యూటర్‌కి 60 డిగ్రీలు, మూడు అటూ ఇటూ అయినా పర్లేదు, అదే ఐడిల్‌లో 60 చూపించి రేజ్ చేయగానే ముల్లు అంతకన్నా ఎక్కువ కదిలిపోతే షాఫ్ట్‌ని పట్టుకునే బుష్ పోయిందని అనుమానమే. వ్యాక్యూమ్ పైపు నోటితో పీల్చితే లోపల ప్లేట్ కదలాలి, కదల్లేదంటే చాలాసార్లు డయాఫ్రమ్ చిరిగే ఉంటది. ప్లేట్ అడుగున ఉండి స్పీడుని బట్టి స్పార్క్‌ని ముందుకి జరిపే అడ్వాన్స్ బరువులు పాత గ్రీజు గట్టిపడి బిగుసుకుపోయిన బళ్ళు చాలానే వస్తన్నాయి. ఇవన్నీ వదిలేసి కిట్ వేస్తే పునాది కదిలిన ఇంటికి రంగులేసినట్టే, స్పార్క్ గట్టిగానే వస్తది గానీ టైముకి రాదు.

ఏ కిట్ అంటే, మామూలు ఇంజన్‌కి పాయింట్ల ప్లేస్‌లో క్యాప్ లోపలే కూర్చునే చిన్న మాడ్యూల్ చాలు. కర్వ్ (ఏ స్పీడుకి స్పార్క్ ఎంత ముందు రావాలన్న లెక్క) ప్రోగ్రామ్ చేసుకునే ఫుల్ డిస్ట్రిబ్యూటర్ అమ్మితే నాకు మిగిలేది ఎక్కువే, ఉన్నమాట చెప్తున్నా, కానీ ఇంజన్‌లో కంప్రెషన్, కార్బురేటర్ ఏమీ మార్చని బండికి అది దండగ. పద్మిని కారుకి కిట్ వేరు, అంబాసిడర్‌ది దానికి పట్టదు.

కొనేముందు కాయిల్ (బ్యాటరీ కరెంటుని స్పార్క్ కొట్టేంత వోల్టేజీకి పెంచేది) చూడాలి. కాయిల్ ప్రైమరీ రెసిస్టెన్స్ మల్టీమీటర్‌తో 3 ఓమ్స్ దగ్గర రావాలి, బ్యాలస్ట్ రెసిస్టర్‌తో (కాయిల్‌కి వెళ్ళే కరెంటు తగ్గించేది) వాడే 1.5 ఓమ్స్ కాయిల్‌ని నేరుగా తగిలిస్తే ఈ చిన్న మాడ్యూల్స్ వేడెక్కి చచ్చిపోతాయి. ల్యాండ్‌మాస్టర్ లాంటి పాత బళ్ళకి పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ తీగ బాడీకి కలపడం) ఉండేది, మధ్యలో ఎవరైనా మార్చారో లేదో చూసుకోవాలి, తిరగేసి కలిపితే మాడ్యూల్ అక్కడికక్కడే పోద్ది. రాగి తీగ ప్లగ్ వైర్లు తీసేసి రెసిస్టెన్స్ ఉన్నవి వేయాలి. ఇంకోటి, ఇంజన్ ఆపి పాటల కోసం ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేసే అలవాటు ఉన్నవాళ్ళు దయచేసి మానుకోండి, చాలా కిట్లు కాలిపోయేది అలాగే.

తీసిన పాయింట్ల సెట్, కండెన్సర్ (పాయింట్ల మధ్య నిప్పురవ్వలు తగ్గించేది) మేము ఉంచుకోం, కవర్లో పెట్టి మీకే ఇస్తాం, డాష్‌బోర్డులో పెట్టుకోండి. పాయింట్లు పోయేముందు మిస్సింగ్ కొట్టి చెప్తాయి, మాడ్యూల్ చాలాసార్లు చెప్పకుండా పోద్ది. దారిలో ఆగితే పాయింట్లు మళ్ళీ బిగించి, ఫీలర్ గేజ్ లేకపోయినా విజిటింగ్ కార్డు పెట్టి గ్యాప్ తీసుకుంటే ఇంటికి చేరతారు. కావాల్సింది 14 నుంచి 16 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), కార్డు మందం దాదాపు అంతే ఉంటది. ఇంటికొచ్చాక గేజ్‌తో చూడాలి లెండి. కండెన్సర్ మాత్రం పాతది బాగుంటే పారేయకండి, ఇప్పుడు దొరికే కొత్తవాటి మీద నాకు అంత నమ్మకం లేదు.

చెకింగ్‌కి లేబర్ విడిగా ఉంటది, కిట్ అవసరం లేదనిపిస్తే పాయింట్లే సెట్ చేసి పంపిస్తాం. ఊరి బయటనుంచి పార్సిల్ అడిగేవాళ్ళు డిస్ట్రిబ్యూటర్ బాడీ మీద కొట్టి ఉన్న నంబరు ఫోటో, కాయిల్ ఫోటో, బ్యాటరీ ఏ తీగ బాడీకి వెళ్ళిందో ఆ ఫోటో పంపండి. ఈ మూడూ చూశాకే రేటు చెప్తా.