వార్షిక నివేదిక 2024–25: వాక్య పఠన కార్యక్రమాలు

ప్రియ సభ్యులకు ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనములు.

ఈ సంవత్సరం వాక్య పఠనానికే మొదటి స్థానం ఇవ్వాలని గత సర్వసభ్య సమావేశంలో మీరు చేసిన తీర్మానం మేరకు జరిగిన పనిని కార్యవర్గం తరఫున మీ ముందుంచుతున్నాను. జమాఖర్చుల పట్టికను విడిగా జతపరిచాము.

వర్షాకాలపు గురువారం కూడికల్లో యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయాన్ని ధ్యానించాము. ప్రవక్త చెప్పగా బారూకు సిరాతో వ్రాసిన గ్రంథపు చుట్టను, యూదా రాజైన యెహోయాకీము కుంపటి ముందు కూర్చుండి, మూడు నాలుగు పుటలు చదవగానే చాకుతో కోసి నిప్పులో వేసిన సంగతి మనందరం ఎరిగినదే. అయితే అసలు బలం 32వ వచనంలో ఉంది: యిర్మీయా మరియొక చుట్ట తెప్పించి ఆ మాటలన్నీ తిరిగి వ్రాయించగా, అటువంటి మాటలు మరి అనేకం వాటితో చేరాయి. రాజు చేతికి చిక్కినది చుట్ట ఒక్కటే. మాట ప్రవక్త నోట భద్రంగానే ఉంది. 1947లో మృత సముద్ర తీరాన కుమ్రాను గుహల్లో దొరికిన యెషయా గ్రంథపు చుట్ట క్రీస్తు పూర్వపుదని, 66 అధ్యాయాలూ అందులో ఉన్నాయని వివరించినప్పుడు యువకులు ఎంతో ఆసక్తితో విన్నారు.

చుట్ట పోయినా మాట నోట నిలుస్తుందనడానికి సాక్ష్యం మన ప్రకాశం జిల్లాలోనే ఉంది. 1876–78 నాటి కరువులో ఒంగోలులో సేవ చేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో 3.5 మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకొని వేలాది మందికి కూలి కల్పించినప్పుడు, పని మధ్య విరామాల్లో బోధకులు వారికి వాక్యం వినిపించేవారు. విన్నవారిలో అధికులు అక్షరం ఎరుగని మాదిగ కుటుంబాలవారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పనులు సాగినంత కాలం ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. పనులు ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కూలి ఆగిన తరువాత కూడా వారిని నిలిపినది చెవిన పడిన వాక్యమేనని కార్యవర్గం గట్టిగా నమ్ముతోంది. పుస్తకం చేతికి రాకముందే ఆ వాక్యం మన పూర్వికుల నోట నిలిచిందని మరువరాదు.

ఈ నమ్మకంతోనే టంగుటూరు వైపు గ్రామాల్లో పెద్దల కోసం రాత్రి పఠన తరగతులు ప్రారంభించాము. పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర ఆకును కర్రలకు అల్లే స్త్రీలు పని దిగి వచ్చేసరికి ఆలస్యమవుతుంది గనుక, సీజను నడిచిన నెలల్లో తరగతిని ఎనిమిది గంటలకు మార్చవలసి వచ్చింది. ఆకు జిగురు నల్లగా అంటిన వేలిని పెద్దక్షరాల బైబిలులో ఒక్కొక్క అక్షరం కింద ఉంచి, 23వ కీర్తనను చివరిదాకా తానే చదివిన ఒక అమ్మగారిని చూసి, పక్కన కూర్చున్న ఆమె మనుమరాలు పుస్తకం మూసి, అదే కీర్తనను చూడకుండా అప్పజెప్పింది. ఈ సంవత్సరం చేసిన పనులన్నిటిలో ఇది మాకు మిక్కిలి ఆనందం కలిగించినది.

క్రిస్మస్ పోటీలు, సండే స్కూలు బహుమతుల పంపిణీ యథావిధిగా జరిగాయి.

సెల్‌ఫోనులో బైబిలు వినడం గురించి సభ్యులు కొందరు ఆక్షేపణ తెలిపారు. చూపు మందగించిన పెద్దలకు అది మేలేనని మా అభిప్రాయం. అయినా పిల్లల విషయంలో, వచనం ఎంత త్వరగా వెదకి తీశారన్నదానికి కాక, ఒక అధ్యాయమంతా తప్పులేకుండా చెప్పినవారికే బహుమతి ఇవ్వాలని నిర్ణయించాము. రానున్న పోటీకి 103వ కీర్తనను ఎంపిక చేశాము. రాత్రి తరగతులకు మరి కొన్ని పెద్దక్షరాల బైబిళ్లు, చదువు చెప్పగల ఇద్దరు సోదరీమణులు అవసరం. ముందుకు రాగలవారు వచ్చే ఆదివారం ఆరాధన అనంతరం కార్యదర్శిని కలవవలసిందిగా కోరుతున్నాము.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున