బెల్టు మార్చారు సరే, పుల్లీ చూశారా?

ఎడిటర్ గారికి నమస్కారం.

లాంగ్ డ్రైవ్‌కి వెళ్లేముందు కారులో ఏమేం చూసుకోవాలో మీ పేపర్లో వేశారు, చదివాను. టైర్లలో గాలి, బ్రేకులు, ఇంజిన్ ఆయిలు, వైపర్లు, స్టెప్నీ అన్నీ ఉన్నాయి, ఇంజిన్ బెల్టు మాట ఒక్కటి లేదు. మిమ్మల్ని తప్పు పట్టడం లేదండి, దాని గురించి ఎవరూ రాయరు, సర్వీసు దగ్గర కూడా ఎవరూ చెప్పరు, బానెట్ ఎత్తి ఆయిల్ స్టిక్ చూసి దించేస్తాం గానీ ఇంజిన్ పక్కన తిరిగే ఆ నల్ల పట్టీ వైపు మనలో ఎంతమందిమి చూస్తాం. దాని వల్ల మేం ఒకే రోజు హైవే మీద రెండుసార్లు ఆగిపోయాం, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నా.

దసరా సెలవుల్లో పూరీ బయల్దేరాం. అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, నేను. విశాఖ మద్దిలపాలెంలో ఇంటి ముందు తెల్లారి అయిదింటికి స్టార్ట్ చేయగానే బండి కీచుమంది, పది సెకన్లు అరిచాక ఆ చప్పుడు ఆగిపోయింది. ఆ చప్పుడు అప్పటికి నెల రోజులుగా ఉంది, మూడు వారాల ముందు సర్వీసుకి ఇచ్చినప్పుడు చెప్పాను కూడా, రాత్రి మంచుకి బెల్టు తడిసి అలా అంటుంది సార్ ఏం పర్లేదు అన్నారు, జాబ్ కార్డులో బెల్టు ఎదురుగా టిక్కు కొట్టి ఇచ్చారు. ఆ కార్డు ఇంకా నా దగ్గరే ఉంది.

నాతవలస టోల్ దాటాం, రణస్థలం దాటిన కాసేపటికి డాష్‌బోర్డు మీద బ్యాటరీ లైటు ఎర్రగా వెలిగింది. బ్యాటరీయే కదా, శ్రీకాకుళంలో చూపిద్దాంలే అనుకుని పోనిచ్చాను. అర నిమిషం గడవలేదు, ఏసీలోంచి వేడిగాలి, స్టీరింగ్ బిగుసుకుపోయి రెండు చేతులతో లాగితే గానీ తిరగట్లేదు, టెంపరేచర్ ముల్లు పైకి పాకుతోంది. వెనకాల లారీ హారన్ కొడుతుంటే బండిని ఎడమ పక్కకి ఎలా లాగానో ఆ దేవుడికే తెలియాలి. పిల్లలు ఏడుపు, అమ్మ రామ రామ అంటోంది.

అసలు సంగతి ఏంటంటే, ఆ ఎర్ర లైటు బ్యాటరీ పోయిందని చెప్పట్లేదు, ఛార్జింగ్ ఆగిపోయిందని చెబుతోంది. ఇంజిన్ కింద క్రాంక్ పుల్లీ, అంటే ఇంజిన్ తిప్పే చక్రం, తిరిగితే దాని మీదున్న ఒక్క బెల్టే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ని, ఏసీ కంప్రెసర్ని తిప్పుతుంది, మాలాంటి పాత డీజిల్ బండిలో వాటర్ పంపుకి, పవర్ స్టీరింగ్ పంపుకి కూడా అదే ఆధారం. అది తెగితే నాలుగూ ఒకేసారి పడుకుంటాయి. వాటర్ పంపు ఆగితే ఇంజిన్ని చల్లబరిచే కూలెంట్ తిరగదు, ఇంకో రెండు మూడు కిలోమీటర్లు లాగి ఉంటే ఇంజిన్ పైభాగం కింద ఉండే సీలు, హెడ్ గాస్కెట్ పోయేది, అప్పుడు వందల్లో పోయే ఖర్చు వేలల్లోకి వెళ్తుంది. అందుకే బ్యాటరీ లైటు వెలిగి స్టీరింగ్ బరువెక్కిందంటే ముందు బండి పక్కకి తీసి ఇంజిన్ ఆపేయండి, మెకానిక్‌కి ఫోన్ ఆ తర్వాత. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు, ఆవిరి మొహం మీదకి తంతుంది. పిల్లల్ని బండిలో కూర్చోబెట్టి ఉంచకండి, రెయిలింగ్ అవతల నిలబెట్టండి.

పక్క ఊరి నుంచి మోటార్ సైకిల్ మీద ఒక కుర్రాడు వచ్చాడు, శ్రీకాకుళం వెళ్లి బెల్టు పట్టుకొచ్చి బిగించాడు, మూడు గంటలు పట్టింది. పని చేసినందుకు అతన్ని ఏమీ అనను, ఎండలో కింద పడుకుని చేశాడు పాపం. కానీ పాత బెల్టు ఎందుకు తెగిందో అతను చూడలేదు, నేనూ అడగలేదు.

మడపాం టోల్ దాటాం, నరసన్నపేట, టెక్కలి దాటాం. పలాస ఇంక ఎంతో దూరం లేదు, గ్రానైట్ బండల లారీల మధ్యలో వెళ్తున్నాం, ముందు గొర్ గొర్ మని చప్పుడు, తర్వాత టప్పుమని శబ్దం, మళ్లీ అదే ఎర్ర లైటు. కొత్త బెల్టు, వంద కిలోమీటర్లు కూడా తిరగలేదు, ఒక అంచు మొత్తం దారాల్లా పీచుపీచై కింద వేలాడుతోంది.

ఈసారి వచ్చినాయన పెద్దాయన, అరవై దాటి ఉంటాయి. బెల్టు వైపు చూడనే లేదు. ఇంజిన్ ఆపించి, తాళం నా చేతిలోంచి తీసుకుని తన జేబులో వేసుకుని, చెయ్యి లోపలికి పెట్టి చిన్న పుల్లీ ఒకటి వేలితో తిప్పాడు. ఎండిపోయిన ఇసుక నూరినట్టు శబ్దం. "బెల్టు మార్చీసి పుల్లీ ఒగ్గీసారేటి బాబూ, బేరింగు ఎప్పుడో పోనాది, వంకరగా తిరుగుతంది, దీని మీద ఎన్ని బెల్టులేసినా కోసీస్తది" అన్నాడు.

అది ఐడ్లర్ పుల్లీ. దానికి పనేమీ ఉండదు, బెల్టుకి దారి చూపించడం అంతే. లోపల సీలు వేసిన బేరింగ్, అందులో గ్రీజు ఎండిపోతే బేరింగ్ వదులై పుల్లీ ఒక పక్కకి వాలుతుంది, బెల్టు ఆ అంచుకి రాసుకుని రాసుకుని పీచవుతుంది. బెల్టుని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ కూడా అంతే, అందులో స్ప్రింగ్ నీరసిస్తే బెల్టు జారి కీచుమంటుంది. అంటే నెల రోజులుగా నా బండి అరుస్తున్నది మంచుకి కాదు. మా విశాఖలో ఉప్పుగాలి, పోర్టు వైపు నుంచి వచ్చే నల్ల దుమ్ము, బీచ్ దగ్గర ఆరుబయట బండ్లు పెట్టేవాళ్లం ఇది ఇంకొంచెం ముందే చూసుకోవాలని ఆయన చెప్పాడు, వచ్చాక గాజువాక ఆటోనగర్లో అడిగితే వాళ్లూ అదే మాట అన్నారు.

పుల్లీకి 1,150, ఇంకో బెల్టుకి 900, చేతికూలి 500 అయింది. ఆ రోజు పోయిన ఏడు గంటలకి, అమ్మకి పెరిగిన బీపీకి లెక్క కట్టలేను.

మా నాన్నగారి అంబాసిడర్ డిక్కీలో స్టెప్నీ పక్కన ఎప్పుడూ ఒక ఫ్యాన్ బెల్టు ఉండేది, టాక్సీ డ్రైవర్లందరూ పెట్టుకునేవాళ్లు. ఇప్పుడు ఆ అలవాటు పోయింది. ఇప్పటి బెల్టులు తాడుతోనో చున్నీతోనో సర్దుకునేవి కావు, గాడులున్న వెడల్పు బెల్టు, సరిగ్గా అదే కొలత కావాలి. దాని వీపు మీదే నంబరు ఉంటుంది, ఉదాహరణకి 6పీకే 1555 అని ఉంటే ఆరు గాడులు, 1,555 మిల్లీమీటర్ల పొడవు అని. ఆ నంబరు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, ఒక బెల్టు కొని డిక్కీలో పడేయండి. పగుళ్లు లేవు కదా అని ధీమా పడొద్దు, పాత రబ్బరు పగిలేది, ఇప్పుడు ఎక్కువగా వాడే రబ్బరు పగలకుండానే లోపల గాడులు అరిగిపోయి జారుతుంది.

పొద్దున స్టార్ట్ చేసినప్పుడు లేదా ఏసీ వేసినప్పుడు కీచుమంటే బెల్టు జారుతోందని అర్థం, ఆగకుండా గొరగొరమంటే ఏదో బేరింగ్ మీద అనుమానం పెట్టుకోవాలి, పుల్లీల చుట్టూ నల్లటి రబ్బరు పొడి కనిపిస్తే బెల్టు ఎక్కడో రాసుకుంటోంది. ఇంజిన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చూసే టైమింగ్ బెల్టు వేరే, అది లోపల ఉంటుంది, చాలా ఇంజిన్లలో అది తెగితే వాల్వులు వెళ్లి పిస్టన్లకి తగులుతాయి, మాన్యువల్లో రాసిన కిలోమీటర్లకి దాన్ని మార్చేయాల్సిందే.

సర్వీసు చేసేవాళ్లని నేను అడిగేది ఒక్కటే. జాబ్ కార్డులో బెల్టు అని టిక్కు కాకుండా బెల్టు ఒక లైను, ఐడ్లర్ పుల్లీ ఒక లైను, టెన్షనర్ ఒక లైను పెట్టండి, బెల్టు విప్పి పుల్లీ చేత్తో తిప్పి చూసి రాయండి. పది పదిహేను నిమిషాల పని. కస్టమర్ చప్పుడు వస్తోందని చెబితే దయచేసి మంచు అని పంపించేయకండి.

మీకు కూడా ఒక విన్నపం ఎడిటర్ గారూ. కార్తీక మాసం వస్తోంది, ఆదివారం వచ్చిందంటే విశాఖ సగం అరకు ఘాట్ ఎక్కుతుంది, ఆ తర్వాత సంక్రాంతి. ఎస్.కోట దాటి ఘాట్ మొదలయ్యాక ఆ మలుపుల్లో స్టీరింగ్ బిగుసుకుపోతే ఏమవుతుందో రణస్థలం దగ్గర ఆ అర నిమిషం చూసిన నాకు తలుచుకుంటేనే చేతులు వణుకుతాయి. ఆ జాగ్రత్తల లిస్టు మళ్లీ వేసినప్పుడు టైర్ల కింద బెల్టు, పుల్లీ అని రెండు మాటలు చేర్చండి, పక్కనే హైవే హెల్ప్‌లైన్ 1033 కూడా వేయండి, మేం రెండోసారి ఆగినప్పుడు ఆ నంబరు చెప్పింది కూడా ఆ పెద్దాయనే.

ఇట్లు,
మీ పాఠకుడు,
మద్దిలపాలెం, విశాఖపట్నం