రక్తం శాంపిల్ విశాఖకు వస్తే చాలు, మంత్రి గారూ

గౌరవనీయులైన రాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను గాజువాకలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఆపరేషన్‌కి ముందు పరీక్షల్లోనో, గల్ఫ్ వెళ్ళే కుర్రాళ్ళ మెడికల్స్‌లోనో హెపటైటిస్ బి బయటపడుతూ ఉంటుంది. "ఒళ్ళు పచ్చబడలేదు, అన్నం బాగానే తింటున్నాను, నాకెందుకొస్తుందండీ?" అంటారు. ఈ వైరస్ ఏళ్ళ తరబడి చడీచప్పుడు లేకుండా లివర్‌ని తినేస్తుందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

డబ్బున్నవాళ్ళకు వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష), ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో చూసే స్కాన్) వారంలో అయిపోతాయి. లేనివాళ్ళ సంగతే ఈ ఉత్తరం.

ఈమధ్య పాడేరు వైపు నుంచి కూలి పనికి వచ్చిన ఒకతను భార్యను తీసుకొచ్చాడు. ఆమెకు ఏడో నెల. రిపోర్టులో పాజిటివ్. అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, "పసరు పోయిస్తే పోతుందా?" అన్నాడు. మందు ఉచితమే, పెద్దాసుపత్రికి వెళ్ళమన్నాను. "కాన్పుకి ఊరెళ్ళిపోతాం కదండీ, అక్కడ ఇస్తారా?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పుట్టేటప్పుడు తల్లి నుంచి సోకితే నూటికి తొంభై మంది పిల్లల్లో ఈ జబ్బు జీవితాంతం ఉండిపోతుంది. పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు టీకా పడాలి. వైరల్ లోడ్ ఎక్కువగా ఉంటే తల్లికి కాన్పుకి ముందే టెనోఫోవిర్ అనే వైరస్‌ని అణచే మందు మొదలుపెట్టాలి.

ఉచిత పరీక్షలు, మందుల కోసం కేంద్రం 2018 జులై 28న జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. లివర్‌నే దెబ్బతీసే మరో వైరస్ హెపటైటిస్ సి అయితే చాలామందికి 12 వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతుంది. అయినా 2022 నాటికి మన దేశంలో 2.98 కోట్ల మందికి బి, 55 లక్షల మందికి సి ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మందు లేక కాదు, మందు దాకా మనిషి చేరలేక ఇంతమంది మిగిలిపోతున్నారు. శాంపిల్‌కి ఒకసారి, రిపోర్టుకి ఒకసారి, తర్వాత మందుల కోసం తిరుగుతూనే ఉండాలి. ఏజెన్సీ నుంచి వచ్చే కూలివాడు ఎన్ని రోజుల కూలి వదులుకుంటాడు?

టీబీ కోసం పెట్టిన ట్రూనాట్ అనే పరీక్ష మెషిన్ల మీద హెపటైటిస్ వైరల్ లోడ్ కొలిచే చిప్పులూ నడుస్తాయి. అవి ఉన్నచోట ఈ చిప్పులు కూడా ఇప్పించండి. లేనిచోట రక్తం శాంపిల్‌ని విశాఖకు పంపించి, రిపోర్టు ఫోన్‌కి పంపే ఏర్పాటు చేయండి. వైరల్ లోడ్ చేయలేని చోట ఎస్‌జీఓటీ అనే లివర్ పరీక్ష, ప్లేట్‌లెట్ల లెక్కతో కూడా చాలామందికి మందు మొదలుపెట్టవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లోనే చెప్పింది. టెనోఫోవిర్‌ని ఊరి పీహెచ్‌సీలో మూడు నెలలకు సరిపడా ఒకేసారి ఇవ్వనివ్వండి.

ఇంకొక్క మాట. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళపై వివక్ష చూపకుండా 2017లో చట్టం వచ్చింది. హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకు అలాంటి రక్షణ లేదు. కలిసి తింటే అంటుకోదని తెలియక ఇంట్లోనే కంచం వేరు చేస్తున్నారు. ఉద్యోగం పోతుందన్న భయంతో రిపోర్టు దాచేవాళ్ళు వైద్యానికి ఎలా వస్తారు? రాష్ట్రం తరఫున కనీసం ఒక జీవో ఇప్పించండి.

ముందుగా ఏజెన్సీలో పాజిటివ్ వచ్చిన గర్భిణుల జాబితాను ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంల చేతికి ఇప్పించి, కాన్పు ఎక్కడ జరిగినా ఆ బిడ్డకు మొదటి రోజే టీకా పడేలా చూడండి. ఇది ఈ నెలలోనే మొదలుపెట్టగలిగిన పని.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
గాజువాక, విశాఖపట్నం